ముంతెడు తవుడు

పోయిన వారం శశికళను పురుగుల గది గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేశాం. కొత్తగా ఈ పేజీ తెరిచినవారి కోసం నాలుగు మాటలు చెప్పుకుని ఆమె దగ్గరికి పోదాం. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో వైర్లు అతికించే పని చేసే ఇరవై ఏళ్ళ పిల్ల శశికళ. పుట్టింది కెలమంగలం అవతలి పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో. తొంభై ఒకటిలో, ఆమెకు ఆరేళ్ళప్పుడు, తండ్రి వెంకటేశప్ప, తల్లి మునివెంకటమ్మ ఆ ఇంటిని ఉన్నపళంగా వదిలి హోసూరు చేరారు. ఎందుకు వదిలారో పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ నోరు విప్పలేదు. మొన్న వేసవిలో మునివెంకటమ్మ ప్రాణం పోయేముందు "ఇంట్లో ఒకటి ఉండిపాయెనే" అంది. ఆ ఒకటి ఏమిటో చెప్పకుండానే పోయింది. ఇల్లు కొన్న నాగేశప్ప దాన్ని గులాబీలు పెంచేవాళ్ళకు అమ్మేశాడనీ, సోమవారం జేసీబీ వచ్చి కూలగొడుతుందనీ తెలిసి, శనివారం పొద్దున శశికళ బస్సెక్కింది.

ఖాళీగా ఉంటుందనుకున్న ఇంట్లో పట్టుపురుగులున్నాయి. గుమ్మం కొయ్య మీద, ఏటా పిల్లల ఎత్తు కొలిచి పెట్టిన సున్నపు గీతలున్నాయి. ఒక వరస కాదు, రెండు. ఒకటి శశికళ నడుము దగ్గర ఆగిపోయింది. అది ఆమెదే, ఆరేళ్ళ వరకూ. రెండో వరస ఆగలేదు. ఏడాదికొక గీత చొప్పున పెరిగి పెరిగి ఆమె చెవి దాకా వచ్చింది. కొసన ఉన్న గీత ఇంకా తడిగా ఉంది. శశికళ దాని మీద వేలు పెట్టబోయింది. అప్పుడే వెనకనుంచి ఎవరో "దాన్ని తాకొద్దు" అన్నారు.

శశికళ ఉలిక్కిపడి తిరిగింది.

మిట్టమధ్యాహ్నపు ఎండకు వీపు పెట్టి ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో సున్నం కలిపిన కొబ్బరిచిప్ప. మొహం చీకట్లో ఉంది గానీ, ఎడమ భుజం కాస్త వాలి ఉండే ఆ తీరు చూడగానే శశికళకు ప్రాణం లేచొచ్చింది. వెనకింటి తిమ్మక్క! చిన్నప్పుడు తల దువ్వుతానని కూర్చోబెట్టి, చిక్కు రాక, దువ్వెననూ జుట్టునూ కలిపి తిట్టే మనిషి. ఊళ్ళో తనను గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరైనా మిగిలారన్న సంతోషంలో శశికళ రెండడుగులు ముందుకు వేసింది.

"పెద్దమ్మా! నేను..."

తిమ్మక్క చటుక్కున వేలు పెదవుల మీద పెట్టుకుంది. "పేరు చెప్పద్దు. మెల్లిగా మాట్లాడు. లోపల నాలుగో జ్వరంలో ఉండాయి."

పట్టుపురుగు గూడు కట్టే లోపల నాలుగుసార్లు తోలు విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజంతా ఆకు ముట్టదు. తల పైకెత్తి, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. దాన్నే ఈ వైపు జ్వరం అంటారు. ఆ జ్వరానికి వెంకటేశప్ప ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. జ్వరం రోజున ఎవరూ గొంతు పెంచకూడదు, ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. పిల్లలు కూడా ఆ రోజు సైగలతోనే ఆడుకునేవారు. వేరే ఇళ్ళలో ఈ పద్ధతి లేదని శశికళకు పెద్దయ్యాక గాని తెలియలేదు. తమ ఇంటి కట్టుబాటు తాము పోయాక కూడా ఇక్కడ నడుస్తోందంటే ఆమెకు ఆనందమూ కలిగింది, ఎక్కడో ఒళ్ళు జలదరించింది కూడా.

తిమ్మక్క చిప్ప కింద పెట్టి, కొంగుతో నేల తుడిచి, కూర్చోమని చూపించింది. పొయ్యి పక్కన రెండు పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి. శశికళ చూపు అక్కడ ఆగింది.

"సంగటి అయిపాయెనమ్మా. ఇద్దరికే చేసినాను. నువ్వొస్తావని అనుకోలేదు," అంది తిమ్మక్క గుసగుసగా.

"ఆ రెండో మనిషి ఎవురు పెద్దమ్మా?"

తిమ్మక్క బోర్లించిన పళ్ళేలను పక్కకు జరిపింది. "మీ అమ్మ బాగుండాదా?" అని అడిగింది.

"ఉగాది పోయినాక పోయింది."

ముసలామె కళ్ళు ఒత్తుకుని, "నువ్వెందుకొచ్చినావు మరి? ఇల్లు ఎల్లుండి పోతుండాది గదా," అంది.

ఈ ఇంటి మాట వస్తే శశికళకు ఎప్పుడూ మాట తడబడదు. ఆ ఇంటి గురించి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. కంపెనీ క్యాంటీన్లో టిఫిన్ డబ్బా తెరిస్తే చాలు, మా ఇంట్లో వాన ఇంటి లోపల కురిసేది తెలుసా అని మొదలుపెట్టేది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు తింటే అచ్చం వాన చప్పుడే. పక్కన కూర్చునే శోభన తల కొట్టుకుని, "మా మహారాణి మళ్ళీ ప్యాలెస్ కథ ఎత్తుకుంది మే," అని అందరినీ నవ్వించేది. నవ్వితే నవ్వనీ. హోసూరులో రైల్వే గేటు అవతల, మధ్యలో పాత చీర కట్టి రెండు చేసుకున్న ఒకే గదిలో పెరిగిన పిల్లకు చెప్పుకోవడానికి ఇంకేముంది? రాత్రి నిద్ర పట్టకపోతే ఆ ఇంట్లో గది గదికీ మనసులోనే తిరిగి వచ్చేది. గోడకొయ్యలు ఎన్నో చెప్పగలదు. అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం ఒకటి ఉండేది. పెరట్లో ఎర్ర పెయ్యదూడ, కొత్తగా పుట్టింది. తను అరచేయి చాపితే గరుకు నాలుకతో చెయ్యంతా నాకేసేది. ఆ చక్కిలిగింత ఇప్పటికీ అరచేతిలో ఉంది. బతుకులో అంతకంటే మంచి రోజు తనకు లేదని శశికళ నమ్మకం.

"ఒక్కసారి చూసి పోదామని వచ్చినాను పెద్దమ్మా," అంది ఇప్పుడు. "అమ్మ పోతా పోతా ఇంట్లో ఒకటి ఉండిపాయె అనింది. ఏదో వస్తువు అనుకున్నాను. దాన్ని తీసకపోవల్లని... ఆ రెండో వరస గీతలు ఎవురివి?"

"నువ్వే చెప్పు. నీకు గుర్తుండల్ల."

"ఒక పిల్ల ఉండేది. నా కంటే చిన్నది. నా లంగా పట్టుకొని వెనకాలే తిరిగేది. అమ్మనడిగితే వెనకింటి పిల్ల అనింది. నీ కూతురేమో అనుకున్నాను."

తిమ్మక్క నవ్వింది. చప్పుడు లేని నవ్వు. "నాకు కడుపు పండలేదు గదమ్మా. ఊరంతా తెలుసు."

బయట ఎండ మాడ్చేస్తోంది. అయినా ఆ ఇంట్లో ఎక్కడా ఈగ కూడా వాలుతున్న చప్పుడు లేదు. తలుపు అవతల వేల పురుగులు తలలెత్తి ఊరుకున్నాయని తెలిసీ, అవన్నీ తమ మాటలు వింటున్నట్టు అనిపించి శశికళ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

తిమ్మక్క చెప్పడం మొదలుపెట్టింది. పేరు రానివ్వకుండా, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"మీ అమ్మకు నీ కంటే ముందు ఇద్దరు పుట్టి పోయినారు. నువ్వు నిలిచినావు. నీ తర్వాత రెండేండ్లకు ఇంకో ఆడబిడ్డ. దాని నాలుగో ఏట, ఇట్లనే పురుగులు నాలుగో జ్వరానికి పోయిన దినమే దానికీ ఒళ్ళు కాలింది. కెలమంగలంలో సూది వేయించినారు. హోసూరు పెద్దాసుపత్రికీ తీసకపోయినారు. ఆరు దినాలు దిగలేదు. ఏడో దినం మీ అమ్మ వచ్చి నా కాళ్ళ మీద పడింది. 'అక్కా, దీన్ని నువ్వు కొనుక్కో' అని."

శశికళకు ఆ మాట అర్థం కావడానికి వేరే వివరం అక్కర్లేదు. ఈ వైపు ఎవరికీ అక్కర్లేదు. బిడ్డ నిలవదన్న భయం పుడితే, తల్లి ఆ బిడ్డను ఇంకొకామెకు తవుడుకు అమ్మేస్తుంది. బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన చావు, ఇది వాళ్ళ బిడ్డ కాదే అనుకుని తిరిగిపోతుందని. బిడ్డ కోలుకున్నాక ఆ తవుడు తిరిగిచ్చి మళ్ళీ కొనుక్కుంటారు. అందుకే ఇక్కడ ఏ తల్లికి కోపమొచ్చినా, నిన్ను తవుడుకు కొన్నామే అని బిడ్డను ఏడిపిస్తుంది. మునివెంకటమ్మ మాత్రం ఒక్కనాడూ ఆ మాట అనలేదు. పక్క పోర్షన్‌లో ఎవరైనా తమ పిల్లల్ని అంటుంటే లేచి లోపలికి వెళ్ళిపోయేది. అది శశికళకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"ముంతెడు తవుడు ఇచ్చినాను," అంది తిమ్మక్క. "మీ అమ్మ దాన్ని ఎర్రగుడ్డలో మూటకట్టి, అదో, ఆ గోడకొయ్యకు తగిలించింది. బిడ్డను ఈ గడప మింద నా ఒళ్ళో పెట్టి వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. మూడో పొద్దుకు దానికి జ్వరం దిగింది. లేచి కూచుని సంగటి అడిగింది. ఆ సంతోషం ఏం చెప్పేది! మీ అమ్మ పరిగెత్తి పోయింది మూట తెచ్చేదానికి. దించి చూస్తే ఖాళీ."

"ఎలకలు తినుంటాయి."

"మేమూ అట్లనే అనుకున్నాము. ఎలక తింటే గుడ్డ కొరికుండల్ల గదా? గుడ్డ బాగనే ఉండింది. ముడి విప్పి మళ్ళా కట్టుండారు. వదులు ముడి. చిన్న చేతులతో వేసిన ముడి."

శశికళ గోడకొయ్య వైపు చూసింది. దాని కింద రోలు. రోలెక్కితే ఆరేళ్ళ పిల్లకు ఆ కొయ్య అందుతుంది. ఎక్కినట్టు కాళ్ళకు గుర్తుంది. చల్లటి రాయి, దాని మీద మునివేళ్ళు. ఎర్రగుడ్డ. గుడ్డలోంచి మెత్తగా, తియ్యగా ఒక వాసన. ఇన్నేళ్ళలో ఆ దూడను వెయ్యిసార్లు తల్చుకుంది గానీ, ఆ రోజు తన అరచేతిలో ఏముందని దూడ అంత ఆశగా నాకిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"నేనే," అంది. గొంతు పెంచకూడదని గుర్తుండీ గొంతు పైకి లేచింది. "నేనే పెట్టినాను పెద్దమ్మా. దూడకు."

"తెలుసు."

"నాకు తెలీదు గదా! నాకెవురూ చెప్పలేదే!"

"ఆరేండ్ల బిడ్డకు ఏం చెప్తారు? నిన్ను ఒక్క మాటా అనద్దని మీ నాయన ఒట్టు పెట్టించినాడు."

శశికళ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది. తిమ్మక్క ఓదార్చలేదు. లేచి నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, తన మానాన తాను కూర్చుంది.

కాసేపటికి శశికళ మొహం తుడుచుకుంది. పది పాసయిన పిల్ల, మిషన్ల మధ్య పనిచేసే పిల్ల. తిక్క కూడా వచ్చింది. "పోనీ, తవుడేమన్నా బంగారమా? ఇంకో ముంతెడు తెచ్చి ఇయ్యచ్చు గదా!"

"ఇచ్చిన తవుడే తిరిగి రావల్ల. అయినా మీ నాయన తెగించినాడు. కొత్త తవుడు తీసుకొని నా గడప దాకా వచ్చినాడు. ఇంతలో మీ అమ్మ కేక. వచ్చి చూస్తే తట్టల్లో పురుగులన్నీ పాలరోగం తగిలి తెల్లగా కారిపోతుండాయి. పొద్దున బాగుండినవి, మధ్యాన్నానికి ఒక్కటీ మిగల్లేదు. మీ నాయన ఆ తట్టల్ని చూసినాడు, నా ఒళ్ళో బిడ్డను చూసినాడు. చేతిలోది కింద పెట్టేసినాడు. 'బతికుంటే చాలక్కా, యాడుంటే ఏమి' అన్నాడు. మర్నాడు మధ్యాన్నం బస్సుకు పోయినారు మీరు. అమ్మిన బిడ్డ పేరు కన్నోళ్ళ నోట రాకూడదని, మళ్ళా ఈ వైపు తొంగి చూడలేదు. నాగేశప్ప పురుగులు పెంచుకొమ్మని ఈ ఇల్లు నాకిచ్చినాడు. అది కూడా ఈడనే పెరిగింది."

బస్సు. ఆ బస్సు వెనక అద్దం శశికళకు గుర్తుంది. అద్దంలో దుమ్ము, దుమ్ములో ఒక చిన్న పిల్ల చేతులు చాపుకుని పరిగెత్తడం గుర్తుంది. అమ్మ తన తలను ఒళ్ళోకి అదుముకుని కళ్ళు మూసింది. తర్వాత ఎన్నోసార్లు అడిగితే, అదంతా కల అని చెప్పారు.

ఇన్నాళ్ళూ ఇంటి మీద బెంగ అనుకున్నది ఇంటి మీద కాదని శశికళకు అర్థమైంది. గది గదికీ తిరిగి గోడకొయ్యలు లెక్కపెట్టుకున్నదంతా, ఏ గదిలోనో వదిలి వచ్చిన మనిషిని వెతుక్కోవడమే. వెతుకుతున్నానని తెలియకుండానే పద్నాలుగేళ్ళు వెతికింది. ఆ మాట మనసులో అనుకోగానే ఆ పేరు దానంతట అదే నోటి దాకా వచ్చింది.

"అమ్ము..."

తిమ్మక్క చెయ్యి ఆమె నోటిని మూసేసింది. ముసలి చెయ్యి, అయినా పళ్ళు నొప్పెట్టేంత గట్టిగా మూసింది. "వద్దు. ఈ పొద్దు అసలే వద్దు."

శశికళ ఆ చేతిని తొలగించింది. "యాడుండాది పెద్దమ్మా? చెప్పు."

తిమ్మక్క పురుగుల గది వైపు గడ్డం చాపింది. "లోపలే ఉండాది. జ్వరం దినాల్లో బయటికి రాదు. వాటి కాడనే కూచుంటుంది. మామూలు దినాల్లోనూ పెరటి ఆకు తోట దాటి పోదు. కొన్న గడప దాటితే ప్రాణానికి మోసమని నేనే నేర్పినాను. నాకు భయమమ్మా. దాన్ని నేను కనలేదు గదా, పోగొట్టుకునేదానికి నాకు హక్కు లేదు."

"ఎల్లుండి జేసీబీ వస్తుంది. అప్పుడేం చేస్తావు?"

"నేను ఊత్తంగరైకి, చెల్లెలి కొడుకింటికి పోతుండాను. దాన్నీ రమ్మంటే రాదు. నాలుగు దినాల్నుంచి నాతో మాట మానేసింది."

"నేను తీసకపోతాను. నా చెల్లెలు. సాయంత్రం బస్సుకే తీసకపోతాను. తవుడూ లేదు, ఏమీ లేదు. అవన్నీ పాతకాలం మాటలు."

తిమ్మక్క ఆమె వైపు వింతగా చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఆశ కూడా లేదు. "మా అత్త ఒక మాట చెప్పేది," అంది. "తవుడు పోతే, ఆ తవుడు పోగొట్టిన చెయ్యి వచ్చి నిలబడాలంట. అప్పుడు బిడ్డ గడప దాటచ్చంట. నిజమో అబద్ధమో నాకు తెలీదు. చిన్నప్పుడు అది నిన్ను అడిగి అడిగి ఏడుస్తుంటే, ఊరుకోబెట్టేదానికి ఈ మాట దానికి చెప్పినాను. అక్క వస్తుందిలే, వచ్చి నిలబడితే నువ్వు పోవచ్చు అని. చెప్పకుండా ఉండాల్సింది."

"వచ్చినాను గదా. నిలబడతాను," అంది శశికళ. ఆ క్షణాన ఆమెకు భయం లేదు. చెల్లెలిని చూడబోతున్నానన్న ఆత్రమొక్కటే ఉంది. ఆ ఆత్రంలో తిమ్మక్క చెప్పినదాని అర్థం పూర్తిగా చెవికెక్కలేదు.

కాళ్ళూ చేతులూ సున్నపునీళ్ళతో కడుక్కుని ఆమె గది తలుపు తోసింది.

లోపల చీకటి. కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. వాటి నేతలోంచి ఎండ సన్నగా చుక్కలు చుక్కలుగా పడుతోంది. రెండు వైపులా నేల నుంచి దూలం దాకా వెదురు తట్టలు, మధ్యలో మనిషి పట్టేంత దారి. ఆకు వాసన, సున్నం వాసన, పురుగుల మీది నుంచి వచ్చే ఆ పచ్చి వాసన. కళ్ళు కట్టి వదిలినా ఇది తమ ఇల్లేనని చెప్పగలదు. తట్టల్లో వేల పురుగులు తలలు పైకెత్తి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అన్నీ ఒకే వైపు, తలుపు వైపు తిరిగి ఉన్నట్టు తోచింది. నిజంగా ఉన్నాయో, చీకటికి అలా కనపడ్డాయో శశికళ ఆగి చూడలేదు.

"ఎవురుండారు?" అంది మెల్లిగా.

ఒక్కో అడుగూ వేసుకుంటూ చివరిదాకా నడిచింది. చివర గోడ వారగా ఒక చాప పరిచి ఉంది. చాప మీద దువ్వెన, మడత పెట్టిన ఓణీ, సగం పగిలిన అద్దం. మనిషి లేదు. శశికళ వంగి చాపను తాకింది. వెచ్చగా ఉంది.

ఇక ఆగలేకపోయింది. జ్వరం మాటా మరిచిపోయింది, తిమ్మక్క మాటా మరిచిపోయింది. "అమ్ములూ!" అని గట్టిగా పిలిచింది.

వెనక తలుపు మూసుకుంది.

గాలికి మూసుకున్న తలుపు దబ్బున కొట్టుకుంటుంది. ఇది అలా మూసుకోలేదు. ఎవరో నిదానంగా, చప్పుడు కాకుండా దగ్గరికి లాగారు. ఆ వెంటనే బయటి గడియ పడింది. తలుపు చాటున నిలబడ్డ మనిషిని దాటుకునే తాను లోపలికి వచ్చిందని శశికళకు అప్పుడు తెలిసింది.

ఆమె ఆ సన్నటి దారిలో పరుగెత్తింది. మోచెయ్యి తగిలి ఒక తట్ట ఊగింది. తలుపు మీద రెండు చేతులతో బాదింది. "పెద్దమ్మా! తలుపు తియ్యి! పెద్దమ్మా!"

"గొంతు పెంచద్దక్కా. జ్వరంలో ఉండాయి."

తలుపుకు అవతల, చాలా దగ్గరగా. ఆ గొంతు విని శశికళ చేతులు ఆగిపోయాయి. కంపెనీలో ఒకసారి శోభన టేపురికార్డర్లో తన మాటలు పట్టి వినిపించింది. అచ్చం ఆ గొంతే. ఒకే తల్లి బిడ్డలు, గొంతు కలిస్తే వింతేముంది అని తనకు తాను చెప్పుకుంది.

"అమ్ములూ, తలుపు తియ్యి. నిన్ను తీసకపోయేదానికే వచ్చినాను. ఇద్దరం కలిసి పోదాం."

"కలిసి పోయేదానికి లేదు గదక్కా. పెద్దమ్మ చెప్పింది గదా నీకు. ఒకరు పోవల్లంటే ఇంకొకరు ఈడ నిలబడల్ల."

"అవన్నీ ఉత్త మాటలు!"

"ఉత్త మాటలైతే పద్నాలుగేండ్లు నేనెందుకు ఈడుండాను?"

శశికళ తలుపును భుజంతో నెట్టి చూసింది.

"నీకు ఈ ఇల్లంటే ప్రాణమంట గదా," అంది అవతలి గొంతు. అందులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. "నువ్వు తల్చుకొని తల్చుకొని ఏడ్చిన ఇల్లు ఇదే. నేను ఒక్క దినమూ దీన్ని వదల్లేదు. నాకైతే ఒక్క దినమూ దీని మింద ముద్దు రాలేదక్కా. నాకు ఇల్లు వద్దు. మనుషులు కావల్ల. అమ్మను చూసేదానికి లేకపాయె. నాయననన్నా చూడల్ల."

"నేను చూపిస్తాను. ఒట్టు! గడియ తియ్యి, ఇప్పుడే పోదాం."

"బస్సు వెనకాల పరిగెత్తినాను. నువ్వు చూసినావు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపినావు."

శశికళ తలుపుకు తల ఆనించి నిలబడిపోయింది. ఊపింది. అవును, చెయ్యి ఊపింది. చెల్లెలు ఆటకు వస్తోందనుకుని నవ్వుతూ ఊపింది. ఆ పిల్ల అడుగుతున్నదాంట్లో అన్యాయమేముందని ఒక పక్క మనసు పీకుతూనే ఉంది. తనకు దక్కిన తల్లి, తండ్రి, బడి, ఊరు, ఆ చీర తెర కట్టిన గది కూడా ఆ పిల్లకు దక్కలేదు. ఒక దూడ ముద్దొచ్చినందుకు.

"పెద్దమ్మ యాడుండాది?" అని అడిగింది చివరికి.

"నువ్వు లోపలికి రాగానే కెలమంగలం బస్సుకు బయల్దేరింది. తలుపు చాటు నుంచి నేనే సైగ చేసి పంపించినాను. ఏడ్చింది పాపం." గొంతు తలుపుకు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. "అక్కా, నాయనకు రెండు కండ్లూ పొర కమ్మినాయంట గదా. మనిషిని గొంతుతోనే గుర్తుపడతాడంట."

తండ్రికి చూపు పోయి రెండు నెలలే అయింది. ఆ సంగతి సెలవులు పెడుతుందని పనిలోంచి తీసేస్తారన్న భయంతో కంపెనీలో చెప్పలేదు. ఇరుగుపొరుగుకూ తెలియనివ్వలేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టాక తండ్రి కళ్ళ గురించి ఒక్క మాటా తన నోట రాలేదు.

"నీకెవురు చెప్పినారు?" అంది. "అమ్ములూ! నాయన సంగతి నీకెవురు చెప్పినారు?"

అవతల ఓణీ సర్దుకుంటున్న అలికిడి. తర్వాత అడుగులు. నడిమింట్లో నాలుగడుగులు, ఆ తర్వాత ఇంకో రెండు. అక్కడ ఆగాయి. గడప దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఒక్కసారిగా అవతలికి దూకినట్టు వినపడింది.

"నాయన నన్ను శశీ అని పిలుస్తాడు గదా?" వాకిట్లోంచి అదే గొంతు, అచ్చంగా తన గొంతు, తేలికపడి నవ్వుతోంది. "పలుకుతానులే అక్కా."